పశువైద్యం – ప్రశ్నలూ జవాబులూ: పొట్టేలు తప్పా, ఎండ తప్పా?

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం మగ పశువుల గురించే వచ్చాయి. చూలు నిలవకపోతే గొర్రెనో ఆవునో తప్పుపట్టడం మన పల్లెల్లో అలవాటు. పోతు ఎక్కుతోందంటే దానిలో లోపం లేదనుకుంటారు. ఒక గొర్రె వట్టిపోతే పోయేది ఒక పిల్ల. విత్తన పొట్టేలు చెడితే ఆ ఏడు మందంతా నష్టమే. అందుకే ఈసారి ఈ జవాబులకే చోటంతా ఇస్తున్నాం.

ప్రశ్న: మాకు 60 నెల్లూరు జోడిపి గొర్రెలు, రెండు విత్తన పొట్టేళ్లు ఉన్నాయి. జూన్ మొదటి వారంలో నాలుగు చినుకులు పడగానే పొట్టేళ్లను మందలో వదిలాం. రెండూ హుషారుగా ఎక్కుతున్నాయి. అయినా సగానికి పైగా గొర్రెలు పదిహేడు రోజులకు మళ్లీ ఎదకొచ్చాయి. పొట్టేళ్లను అమ్మేసి కొత్తవి తెచ్చుకోమంటారా?
– గొర్రెల పెంపకందారు, పుత్తూరు

జవాబు: అప్పుడే అమ్మకండి. ముందు క్యాలెండర్ తీసి రెండు నెలలు వెనక్కి లెక్కపెట్టండి.

పొట్టేలులో ఒక వీర్యకణం మొదలై తయారవడానికి 47 నుంచి 49 రోజులు పడుతుంది. ఆ తర్వాత అది వృషణానికి అంటుకుని ఉండే మెలికల గొట్టంలో పది, పద్నాలుగు రోజులు నడిచి, అక్కడే కదలికా శక్తీ తెచ్చుకుంటుంది. అంటే మీ పొట్టేలు జూన్ 5న గొర్రెను దాటినప్పుడు వదిలిన వీర్యం ఏప్రిల్ మొదటి వారంలో మొలకెత్తిన పైరు. ఏప్రిల్, మే ఎండలన్నీ దాని మీదుగానే పోయాయి. పుత్తూరు, నగరి వైపు మే నెలలో పగలు నలభై డిగ్రీలు దాటడం మామూలే. రాత్రిళ్లు కూడా చల్లబడకపోతే వృషణాలకు తేరుకునే వ్యవధే దొరకదు.

వృషణాలు ఒంటి వేడి కంటే నాలుగైదు సెంటీగ్రేడు డిగ్రీలు చల్లగా ఉంటేనే పని చేస్తాయి. గొర్రె ఒంటి వేడి 102–103 ఫారన్‌హీట్ ఉంటుంది. ఆ వేడిలో వీర్యకణాలు సరిగా తయారుకావు. అందుకే ప్రకృతి వాటిని ఒంటి బయట సంచిలో వేలాడదీసింది. చలికి సంచి పైకి ముడుచుకుంటుంది, ఎండకు కిందికి జారుతుంది. సంచి చర్మానికి చెమట పడుతుంది. పైనుంచి వచ్చే వేడి రక్తం, కిందినుంచి తిరిగి వెళ్లే చల్లని రక్తం పక్కపక్కనే మెలికలు తిరిగి పారుతూ ఒకదాని వేడిని ఒకటి పంచుకుంటాయి. గాలి ఆడని రేకుల కొట్టంలో, కాలిన నేల మీద పొట్టేలు పడుకుంటే ఈ ఏర్పాట్లేవీ అక్కరకు రావు.

ఇక హుషారు సంగతి. ఎక్కాలన్న కోరికను పుట్టించే కణాలు వేరు, వీర్యాన్ని తయారుచేసే కణాలు వేరు. వేడికి రెండోవే ముందు దెబ్బతింటాయి. కాబట్టి పొట్టేలు రోజుకు పదిసార్లు ఎక్కుతున్నా వీర్యంలో చచ్చిన కణాలు, తోక వంకర తిరిగిన కణాలు, తల ఊడిన కణాలు ఎక్కువగా ఉండవచ్చు. ఎక్కడం ఒక్కటే చూసి పొట్టేలు మంచిదని తేల్చడం మేం తరచూ చూసే పొరపాటు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. పొట్టేళ్ల రొమ్ముకు జాజు (ఎర్రమన్ను) శెనక్కాయ నూనెలో కలిపి దట్టంగా పూయండి. రెండు మూడు రోజులకోసారి మళ్లీ పూయాలి. పొట్టేలు ఎక్కిన గొర్రె నడుము మీద ఎర్ర మరక పడుతుంది. పదిహేడో రోజున రంగు మార్చి నీలిమందు పూయండి. ఎర్ర మరక ఉన్న గొర్రెల్లో మూడో వంతుకు మించి నీలి మరక కూడా పడితే పొట్టేలును అనుమానించాలి. అసలు మరకలే పడకపోతే గొర్రెలు ఎదకు రాలేదన్నమాట, తప్పు మేతలో ఉంది. రెండు పొట్టేళ్లనూ ఒకేసారి వదిలితే ఏది చెడిందో తేలదు. మందను ముప్పై ముప్పైగా చీల్చి, ఒక్కో గుంపులో ఒక్కో పొట్టేలును వదలండి.

ఎండ జూన్ నెలాఖరుకు తగ్గిందనుకుంటే, పూర్తి బలమున్న వీర్యం ఆగస్టు చివరికి చేతికొస్తుంది. అప్పటికీ చూలు కట్టని గొర్రెలకు అప్పుడు మరో అవకాశం ఇవ్వండి. అవి సంక్రాంతి దాటాక ఈనుతాయి. ఆగస్టు, సెప్టెంబర్‌లలో కూడా ఇలాగే తిరగపొర్లితే (చూలు నిలవక మళ్లీ ఎదకొస్తే) అప్పుడు పొట్టేలును మార్చండి. మార్చేముందు ఒకసారి తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లి వీర్యం పరీక్ష చేయించండి.

వచ్చే ఏడు జూన్‌లోనే దాటించాలనుకుంటే జాగ్రత్త మార్చి నడుమ నుంచే మొదలవ్వాలి. పొట్టేళ్లను తెల్లవారి ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు, మళ్లీ సాయంత్రం నాలుగున్నర తర్వాత మేపండి. నడుమ చింతచెట్టో వేపచెట్టో మామిడితోపో చూసి కట్టేయండి. చెట్టు నీడలో గాలి ఆడుతుంది, రేకుల కింద ఆడదు. రేకుల కొట్టం తప్పదంటే పైన జానెడు మందాన చెరకు ఆకు పరిచి, మధ్యాహ్నం రెండుసార్లు తడపండి. ఒక్కో పొట్టేలు వేసవిలో రోజుకు ఐదారు లీటర్ల నీళ్లు తాగుతుంది. తొట్టి నీడలో ఉండాలి.

ఏప్రిల్ నడుమ నుంచి దాణా పెట్టండి. పది కిలోల దాణాకు పలుగుగా పట్టించిన మొక్కజొన్న లేక జొన్న 4 కిలోలు, శెనక్కాయ చెక్క రెండున్నర కిలోలు, గోధుమ పొట్టు 2 కిలోలు, శనగ పొట్టు 1 కిలో 200 గ్రాములు, ఖనిజ లవణ మిశ్రమం 200 గ్రాములు, ఉప్పు 100 గ్రాములు. రోజుకు 300 గ్రాములతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో 500 గ్రాములకు పెంచండి. శెనక్కాయ చెక్కకు బూజు వాసన ఉంటే దగ్గరికి రానీయకండి. చౌకగా దొరుకుతుందని గోధుమ పొట్టు బదులు తవుడే ఎక్కువ పోస్తే దానిలోని భాస్వరం వల్ల మూత్రంలో రాళ్లు కట్టి పొట్టేలు మూత్రం ఆగి చస్తుంది. మగవాటి మూత్రనాళం సన్నం కాబట్టి ఈ ముప్పు వాటికే. పత్తిగింజల చెక్క కూడా వద్దు. దానిలోని గాసిపాల్ అనే పదార్థం వీర్యకణాల కదలికను దెబ్బతీస్తుంది. వేసవిలో ఎండుమేతలో విటమిన్ ఎ ఉండదు. రోజూ రెండు గుప్పిళ్ల పచ్చి అవిసాకు వేసినా ఎంతో మేలు. పొట్టేలును కొవ్వెక్కేలా మేపకండి. వృషణాల సంచి మెడలో కొవ్వు పేరుకుంటే గొంగడి చుట్టినట్టే, వేడి బయటికి పోదు.

శీతలదేశాల గొర్రెలకు పగటి నిడివి తగ్గుతుంటేనే ఎద, వీర్యం రెండూ పెరుగుతాయని కొందరు చదివి రాస్తున్నారు. అది నిజమే, కానీ మనకు అంతగా వర్తించదు. తిరుపతి దగ్గర అతి పొడవైన పగటికీ అతి చిన్న పగటికీ తేడా సుమారు గంటన్నరే. మన మందలను నడిపేది ఎండా, మేతా.

ప్రశ్న: మా పొట్టేలు పిల్లకు ఎనిమిది నెలలు. అప్పుడే గొర్రెల వెంట పడుతోంది. ఈ ఏడు దానితోనే సరిపెట్టుకోవచ్చా?
– పాకాల మండలం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చూలు కట్టించగలదు, కానీ మందను మోయలేదమ్మా. వీర్యం మొదలైన కొత్తలో కణాల సంఖ్య తక్కువ, లోపాలున్న కణాలు ఎక్కువ. ఎదిగే వయసులో రోజూ ఎక్కిస్తే ఎదుగుదల కూడా ఆగిపోతుంది. రెండు పళ్లు పడేదాకా (పాలపళ్లు పోయి రెండు పెద్ద పళ్లు వచ్చేదాకా) ఆగండి. మన గొర్రెల్లో ఏడాది, ఏడాదిన్నర మధ్య పడతాయి. అప్పుడు కూడా పది పదిహేను గొర్రెలే అప్పగించండి. నాలుగు పళ్లు పడ్డాక పాతిక, ముప్పై గొర్రెలకు ఒక పొట్టేలు చాలు.

ఈలోగా ఆ పిల్లను మంద నుంచి వేరుచేయండి. నాలుగైదు నెలలు దాటిన పోతు పిల్లల్ని తల్లులతో, చెల్లెళ్లతో కలిపి ఉంచితే ఒళ్లు నిండని ఆడపిల్లలు చూలు కట్టి ఈనలేక చస్తాయి.

విత్తనానికి ఎంచేటప్పుడు చేత్తో తడిమి చూడండి. రెండు వృషణాలూ సంచిలోకి దిగి ఉండాలి, ఒకే పరిమాణంలో ఉండాలి. పట్టుకుంటే బిగించిన జబ్బ కండలా గట్టిగా, నొక్కితే కాస్త లొంగేలా ఉండాలి. పిండిముద్దలా మెత్తగా ఉంటే వీర్యం లేదనే అర్థం. రాయిలా ఉంటే పాత వాపు ఎండిపోయిందని అర్థం. ఒక్కటే దిగిన పిల్లను మాంసానికి పంపండి. అది పిల్లల్ని పుట్టించగలదు కానీ ఆ లోపం సంతానానికి పాకుతుంది. తర్వాత టేపు తీసుకుని, వృషణాలను మెల్లగా కిందికి జార్చి, సంచి బాగా వెడల్పున్న చోట చుట్టుకొలత తీయండి. చలి పొద్దున కొలవకండి, ముడుచుకుని తక్కువ చూపిస్తుంది. ఒకే ఈతలో పుట్టి, ఒకే మేత తిన్న నాలుగైదు పోతు పిల్లల్ని కొలిచి పెద్ద కొలత ఉన్నదాన్ని ఉంచుకోండి. వృషణం పెద్దదైన కొద్దీ రోజుకు తయారయ్యే వీర్యకణాలు ఎక్కువ.

ప్రశ్న: మా విత్తన పొట్టేలు ఆరేళ్లది. మంచి ఎత్తు, మంచి పిల్లల్నిచ్చింది. దాని పిల్లలే మందలో ఎక్కువ. ఇంకో రెండేళ్లు ఉంచుకోవాలని మా నాయన పట్టు. మీరేమంటారు?
– చంద్రగిరి

జవాబు: మీ నాయన గారి ప్రేమ అర్థమవుతుంది. కానీ ఇందులో రెండు సంగతులున్నాయి. మొదటిది వయసు. పొట్టేలు పనికొచ్చే మంచి కాలం రెండు నుంచి ఐదేళ్లు. ఆ తర్వాత వృషణంలో వీర్యం తయారయ్యే సన్నని గొట్టాలు కొంచెం కొంచెంగా ఎండుతాయి. వయసులో ఉన్న పొట్టేలు వేసవి దెబ్బ నుంచి రెండు నెలల్లో కోలుకుంటే, ముసలిది ఆలస్యంగా కోలుకుంటుంది, ఒక్కోసారి పూర్తిగా కోలుకోదు. ముందరి పళ్లు అరిగి మేత కొరకలేకపోవడం, గిట్టలు పెరిగి వెనక కాళ్ల కీళ్లు పట్టేయడం దీనికి తోడు. ఎక్కడమంటే మొత్తం బరువు వెనక కాళ్ల మీద నిలపడం. కీళ్లు నొప్పిగా ఉంటే వీర్యం మంచిదే అయినా లాభం లేదు.

రెండోది ఇంతకంటే ముఖ్యం. ఆరేళ్ల పొట్టేలు ఇప్పుడు తన కూతుళ్లనే, వాటి కూతుళ్లనే దాటుతోంది. పిల్లల బరువు తగ్గడం, పుట్టిన వారంలో చావులు పెరగడం చూస్తున్నారా? చూస్తుంటే కారణం అదే. దాని ఆడపిల్లలు ఎదకొచ్చే వేళకు, అంటే రెండేళ్లకోసారి, పొట్టేలును మార్చాలి. అమ్మడం ఇష్టం లేకపోతే దూరపు ఊరి మందతో మార్చుకోండి. తెచ్చుకున్నదాన్ని మూడు వారాలు విడిగా కట్టి, బ్రూసెల్లా (చూలు పడగొట్టే అంటురోగం) రక్తపరీక్ష చేయించాకే మందలో కలపండి.

ప్రశ్న: మూడేళ్ల ముర్రా దున్నపోతును పెంచుతున్నాం. చలికాలంలో బాగా దాటుతుంది. ఏప్రిల్ రాగానే బర్రె వాసన చూసి వెనక్కి తిరుగుతుంది. ఒకరు బలానికి హార్మోన్ సూది వేయిస్తే సరిపోతుందన్నారు. వేయించమంటారా?
– శ్రీకాళహస్తి

జవాబు: వేయించకండి. బయటినుంచి మగ హార్మోన్ ఎక్కిస్తే ఒంట్లో ఇప్పటికే చాలినంత ఉందనుకుని మెదడు కింది గ్రంథి వృషణాలకు పంపే ఉత్తర్వు ఆపేస్తుంది. రెండు రోజులు ఎక్కవచ్చు గానీ, లోపల వీర్యం తయారీ పడిపోయి వృషణాలు మెత్తబడతాయి. వేసవి తెచ్చిన నష్టానికి ఈ సూది ఇంకో నష్టాన్ని కలుపుతుంది.

దున్నకు నల్ల తోలు, పలచని వెంట్రుకలు, చెమట గ్రంథులు తక్కువ. ఎండను పీల్చుకోవడమే కానీ వదిలించుకోవడం దానికి చేతకాదు. అందుకే బురదలో పొర్లుతుంది. బర్రెలు కూడా వేసవిలో ఎద సరిగా చూపవు. వాటి కాలం సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి. ఏప్రిల్, మే నెలల్లో మీ దున్న వెనక్కి తిరగడం రోగం కాదు. ఆ రెండు నెలలు దానికి పని చెప్పకండి. తప్పనిసరైతే తెల్లవారుజామున ఐదు గంటలకు నీళ్లు పోసి, ఒళ్లు చల్లబడ్డాక వదలండి.

చెరువులో నీళ్లుంటే పదకొండు నుంచి మూడు దాకా దించండి. లేకపోతే రోజుకు మూడు నాలుగుసార్లు ఒళ్లంతా తడపండి, కానీ గాలి ఆడేచోట. శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు ఉక్కపోత ఎక్కువ. మూసిన కొట్టంలో నీళ్లు చల్లితే ఆవిరి పోక ఇంకా ఉడుకుతుంది. ఫ్యాన్ పెట్టండి, లేదా ఒక పక్క గోడ తీసేయండి. పలమనేరు, కుప్పం వైపు ఎత్తు ప్రాంతం కాబట్టి అక్కడి రైతులకు ఈ బాధ కొంత తక్కువ.

దున్నలో వీర్యం తయారై బయటికి రావడానికి పొట్టేలు కంటే కొంత తక్కువే అయినా నెలన్నర దాకా పడుతుంది, ఎద్దుజాతిలో పొట్టేలు కంటే ఇంకొంచెం ఎక్కువ వ్యవధి పడుతుంది. కోడెలో తయారీకే 61 రోజులు, నడకతో కలిపి దాదాపు 70. కాబట్టి సెప్టెంబర్‌లో మంచి చూలు కావాలంటే జూన్ చివరి నుంచే దున్నను చల్లగా ఉంచాలి. వారానికి రెండు మూడుసార్లకు మించి దాటనివ్వకండి.

ప్రశ్న: మా జెర్సీ సంకర కోడెకు 14 నెలలు. ఊరి ఆవులను దాటించి డబ్బు తీసుకోవచ్చా?
– బంగారుపాళెం

జవాబు: వద్దు. సంకర కోడెలు తొందరగా ఎక్కడం మొదలుపెడతాయి కానీ వాటిలో వీర్యం నాసిగా ఉండేవి చాలా ఎక్కువ. వీర్య కేంద్రాల్లో కూడా సంకర కోడెలను పెద్ద సంఖ్యలో తీసేస్తారు. అదీగాక ఊరి ఆవులన్నిటినీ ఒకే కోడె దాటితే బ్రూసెల్లా లాంటి రోగాలు ఇంటింటికీ పాకుతాయి. బ్రూసెల్లా టీకా నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యలకే వేస్తారు, కోడెలకు వేయరు. అది మనుషులకూ అంటుకునే రోగం. ఆవులకు కృత్రిమ గర్భధారణ సూది వేయించడమే మేలు. సొంత ఆవులకే వాడాలనుకుంటే పరీక్షలన్నీ చేయించి, 18 నెలలు నిండాక, వారానికి ఒకసారి.

ప్రశ్న: పుంగనూరు కోడె పొట్టి కదా, తొందరగా ఈడుకొస్తుందా?
– పుంగనూరు

జవాబు: రాదు. ఎత్తుకూ ఈడుకూ సంబంధం లేదు. మన దేశవాళీ కోడెలన్నీ నిదానంగానే ఎదుగుతాయి. రెండున్నరేళ్ల దాకా ఆగండి. ఈ జాతి సంఖ్య తక్కువ కాబట్టి అన్నాచెల్లెళ్లు కలిసే ప్రమాదం ఎక్కువ. కోడె తల్లీ తండ్రీ ఎవరో రాసి ఉంచుకోని చోట కొనకండి. ఎత్తైన ఆవును దాటించాల్సి వస్తే ఆవు వెనక కాళ్లు పల్లంలో ఉండేలా నిలబెట్టాలి.

ప్రశ్న: వేసవిలో సూది వేయిస్తే ఆవులు నిలవడం లేదు. వీర్యం కూడా ఎండకు చెడిపోతుందా?
– పాడి రైతు, పలమనేరు

జవాబు: స్ట్రాలోని (సూదికి వాడే సన్నని గొట్టంలోని) వీర్యం ఎప్పుడో తీసి, ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర నిలవ ఉంచింది. ఈనాటి ఎండ దాన్ని తాకదు. మన దేశపు ప్రమాణాల ప్రకారం ఒక స్ట్రాలో రెండు కోట్ల వీర్యకణాలుండాలి, కరిగించాక సగమైనా ముందుకు ఈదాలి. ఎండకు పాడైన కోడె వీర్యం ఆ పరీక్షలో నిలవదు.

తప్పు జరిగేది మన దగ్గరే. క్యాన్‌లో నత్రజని అడుగంటితే స్ట్రాలు చచ్చిపోతాయి. స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ముంచి, తుడిచి, నీడలో గన్‌కు ఎక్కించి, పది పదిహేను నిమిషాల్లోపు వేయాలి. జేబులో కరిగించడం, గన్‌ను ఎండలో పెట్టుకుని ఆవు కోసం ఎదురుచూడటం చేస్తే పని చెడుతుంది. ఊళ్లో సూది వేసే గోపాలమిత్రను ఎండవేళ కాక పొద్దున్నో సాయంత్రమో రమ్మనండి, గోరువెచ్చని నీళ్లు మీరే సిద్ధం చేసి ఉంచండి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున వేయించాలి. అన్నీ సరిగా చేసినా వేసవిలో కొంత తగ్గుతుంది. ఒంటి వేడికి కట్టిన పిండమే మొదటి వారంలో చచ్చిపోతుంది. కాబట్టి సూది వేసిన తర్వాత పది రోజులు ఆవును చల్లగా ఉంచడం కోడె జాతి గురించి ఆలోచించడం కంటే ఎక్కువ ఫలమిస్తుంది.

ప్రశ్న: నవంబర్ వానల్లో మా పొట్టేలుకు నీలి నాలుక రోగం వచ్చి తగ్గింది. ఒక పక్క వృషణం వాచి ఉంది. మళ్లీ మందలో వదలొచ్చా?
– వరదయ్యపాళెం

జవాబు: 105–106 డిగ్రీల జ్వరం నాలుగు రోజులున్నా, అది వేసవి మొత్తం చేసే నష్టం చేయగలదు. జ్వరం పూర్తిగా తగ్గిన నాటి నుంచి 60 రోజులు పొట్టేలును పక్కన పెట్టండి. కోడెకు లంపీ చర్మవ్యాధి, గాలికుంటు వచ్చి తగ్గినా ఇదే లెక్క, 70–75 రోజులు. లంపీ వైరస్ వీర్యంలో కూడా వస్తుంది కాబట్టి పరీక్ష లేకుండా దాటించకండి.

వాచిన వృషణాన్ని వదిలేయకండి. దాని వేడి పక్కదానికి తగిలి రెండోదీ చెడుతుంది. వెంటనే డాక్టర్‌కు చూపించండి. వాపు రోగం వల్లా, దెబ్బ వల్లా, బ్రూసెల్లా వల్లా అని తేలాలి. చెడినదాన్ని ఆపరేషన్ చేసి తీసేస్తే మిగిలింది కొన్ని నెలల్లో పెరిగి చాలావరకు లోటు తీరుస్తుంది. బ్రూసెల్లా అయితే ఆ పొట్టేలును మందలో ఉంచకూడదు. నీలి నాలుకను పాకించేవి తడి పేడలో, బురదలో పుట్టే సన్నని దోమలు. ఈశాన్య వానలకు ముందే టీకా వేయించి, సందెవేళ దొడ్డి దగ్గర వేపాకు పొగ వేయండి.

ప్రశ్న: నాటుకోడి గుడ్లు మే నెలలో పొదిగేస్తే సగం కూడా పిల్లలు కావడం లేదు. పుంజును మార్చాలా?
– చిత్తూరు

జవాబు: ఏడో రోజు రాత్రి గుడ్డును టార్చ్ వెలుగులో చూడండి. ఏమీ లేకుండా తేటగా కనిపిస్తే చాలావరకు పుంజు తప్పు. ఎర్రని ఉంగరం కనిపిస్తే పిండం కట్టి చచ్చింది, అంటే గుడ్డు నిలవ తప్పు. మే నెలలో గుడ్లను గదిలో వారం ఉంచితే ఇదే అవుతుంది. నాలుగైదు రోజుల గుడ్లే పెట్టండి, తడిపిన ఇసుక మీద గోనె పరిచి దాని మీద ఉంచండి.

పుంజుదే తప్పయితే ఎనిమిది, పది పెట్టలకు ఒకటి ఉందో లేదో చూడండి. రెండేళ్లు దాటితే మార్చండి. పుంజులో వీర్యం రెండు వారాల్లోనే తయారవుతుంది కాబట్టి ఎండ తగ్గితే తొందరగానే కోలుకుంటుంది. కొత్త పుంజును వదిలాక మూడు వారాల దాకా వచ్చే గుడ్లను దాని సంతానంగా లెక్కపెట్టకండి. పాత పుంజు వీర్యం పెట్ట ఒంట్లో రెండు వారాల దాకా నిలవ ఉంటుంది.